సక్కుబాయి అరచేతి గోడ

మాదాపూర్‌లో లేచిన అద్దాల మేడలు గాలికి ఊగకుండా నిలబడ్డాయంటే కారణం ఇంజనీర్లు కాదు, ఇనుమూ కాదు. ఖాజాగూడ సక్కుబాయి కుడి అరచెయ్యి. ఆవిడ ఒక్క దెబ్బ వేస్తే గుట్ట మీది బండ కూడా గోడకు అతుక్కుని ఊపిరి బిగబట్టేదనీ, తొంభై ఎనిమిదిలో పేరుమోసిన మేస్త్రీలంతా చెరువుగట్టు మీద వరసకట్టి ఆ దెబ్బ నేర్చుకుని పోయారనీ ఊళ్లో సగం మంది ఒట్టేసి చెబుతారు. మిగతా సగం ఒట్టు లేకుండానే నమ్ముతారు.

ఇంత ఖ్యాతికీ మూలం ఒక మేకు.

సక్కుబాయికి రెండు గేదెలు, ఒక మొగుడు, ఒక కూతురు. గేదెలు చెప్పిన మాట వినేవి. కూతురు ప్రశాంతి ఇంటర్లో అన్నీ గట్టెక్కి లెక్కల్లో తప్పింది. మళ్లీ పరీక్ష రెండు నెలల్లో ఉంది. ట్యూషన్ కావాలంటే రెండు బస్సులు మారాలి. సక్కుబాయికి అదే దిగులు. సరిగ్గా అప్పుడే, దేవుడు చిరునామా రాసి పంపినట్టు, ముందుగది కిరాయికి చూడ్డానికి తెనాలి నుంచి అమ్మణ్ణి అనే లెక్కల టీచరమ్మ వచ్చింది. భర్త చలపతిరావుకు ఇక్కడి సర్కారు ఆఫీసుకు బదిలీ అయింది.

"గోడలు నున్నగా ఉన్నాయండీ. నాకదే కావాలి. బల్లి దూరే కంత ఒక్కటున్నా నాకు నిద్ర పట్టదు" అంది అమ్మణ్ణి. "మావారేమో మదీనాగూడలో ఇల్లు చూసి పెట్టారు. నాకు ఇదే నచ్చింది. ఆదివారం తొమ్మిదింటికి పాలు పొంగిస్తాం. అమ్మాయి లెక్కల సంగతి నాకొదిలెయ్యండి."

సక్కుబాయికి ఆ రాత్రి కలలో కూడా కూడికలే.

బుధవారం మొగుడు రాజయ్య సుత్తి పట్టాడు. "పెద్దోళ్లొస్తున్నరే. క్యాలెండరు తగిలేసుకోనీకి మేకన్న లేకుంటే ఎట్ల?" అని ఒక్కటిచ్చాడు. గోడ ముసలాడిలా దగ్గింది. మేకుతో పాటు కంచమంత పెచ్చు ఊడి కిందపడింది. చుట్టూ వేలితో తట్టి చూస్తే డొల్ల శబ్దం. డొల్లంతా రాలగొట్టేసరికి కంచం కాస్తా చాటంత అయింది. లోపల ఇటుకలు పళ్లికిలించాయి.

సక్కుబాయి మేస్త్రీ చంద్రయ్య ఇంటికి పరిగెత్తింది. ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని లారీ ఎక్కబోతున్నాడు.

"అక్కా, మాదాపూర్ల మేం అంతస్తులు లేపుతున్నం. మూరెడు గోడకు ఎవడొస్తడు? వచ్చే నెల చూద్దాం, ఫికర్ చెయ్యకు."

ఊళ్లో తాపీ పట్టగల ప్రతి చెయ్యీ ఆ లారీలోనే ఉంది.

"మేస్త్రీ ఎందుకే, నేను లేనా?" అన్నాడు రాజయ్య. గురువారం పొద్దున ఇసుక, సిమెంటు కలిపాడు. తాపీతో అద్దాడు. పదడుగులు వెనక్కి నడిచి మీసం సవరించుకున్నాడు. అంతా ధబ్బున కిందికొచ్చింది. ఈసారి సిమెంటు ఎక్కువేశాడు. అన్నానికి కూర్చున్నాక, రెండో ముద్ద నోట్లో ఉండగా, ముందుగదిలో మళ్లీ ధబ్బు.

"ఇసుక మంచిది కాదు" అన్నాడు రాజయ్య.

"నిన్న గోడ మంచిది కాదంటివి. రేపు నన్ను మంచిది కాదంటవు" అంది సక్కుబాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. టీచరమ్మ మదీనాగూడ బస్సెక్కుతున్నట్టే కనిపించింది.

శుక్రవారం తెల్లవారి పెరట్లో పిడకలు కొడుతూ ఆవిడ చెయ్యి సగంలో ఆగింది. ఎండిన గోడకు పేడ అతకదు. ఇరవై ఏళ్లుగా ముందు చీపురుతో దుమ్ము దులిపి, నీళ్లు చల్లి, తర్వాతే కొడుతోంది. అద్దితే జారుతుంది, కొడితే పడుతుంది. రాజయ్య గోడకు చుక్క నీళ్లు పోయలేదు. దాహమేసిన ఇటుకలు సిమెంటులో తడంతా తాగేసి పొడిని కిందికి ఉమ్మేశాయి.

"ప్రశాంతీ! బక్కెట్ల నీళ్లు తేవే!"

ఇటుకల సందుల్లో దుమ్మంతా ఊడ్చి, గోడ ఇక చాలనేదాకా నీళ్లు కొట్టింది. ఇసుక జల్లించింది. సిమెంటు చేతుల్ని కొరుకుతుందని రెండు చేతులకూ పాలిథిన్ కవర్లు కట్టుకుంది. ముద్ద తీసి, చెయ్యి వెనక్కి లాగి, పిడక కొట్టినట్టే కొట్టింది. ఫట్!

ముద్ద కదల్లేదు. ఇంకోటి. ఫట్!

"అమ్మా, సిమెంటు పిడకలు!" ప్రశాంతి పొట్ట పట్టుకుని నవ్వింది.

"నవ్వకు, లెక్కపెట్టు. నీకు కూడికలన్న వస్తయి."

రాజయ్య గుమ్మంలో నిలబడి, "గట్లనే, గట్లనే. నేను చెప్పుదామనుకున్నదే" అన్నాడు. ఒక ముద్ద గురితప్పి ఆయన చొక్కా మీద పడింది. అదీ అతుక్కుంది.

సాయంత్రానికి ఆ చాటంత మేరా అయిదు వేళ్ల గుర్తులు. ఆ గరుకు మంచిదే అయింది. శనివారం మళ్లీ తడిపి వేసిన పలచటి పూత ఆ గుర్తుల్ని పట్టుకుని కూర్చుంది. చెక్కతో గుండ్రంగా రుద్దితే రొట్టెలా నున్నబడింది. ఆదివారం చీకటితో లేచి తడిపి, సున్నం కొట్టారు.

తొమ్మిదింటికి అమ్మణ్ణి భర్తను వెంటబెట్టుకుని పాలగిన్నెతో వచ్చింది. గది నలువైపులా చూసి, కొత్త అతుకు కింది మూల దగ్గర ఆగింది. అక్కడ పూత అందక ఒక్క చెయ్యి గుర్తు మిగిలిపోయింది. సక్కుబాయి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇదెవరి చెయ్యండీ?"

"మాదాపూర్ల పెద్ద మేస్త్రీది మేడం" అన్నాడు రాజయ్య. "కార్ల తోలుకొచ్చినం."

"మా అమ్మది మేడం" అంది ప్రశాంతి. "పిడకల చెయ్యి."

అమ్మణ్ణి వంగి వేళ్లతో గోడ తట్టింది. డొల్ల లేదు. ఆ గుర్తులో తన చెయ్యి పెట్టి చూసుకుని పకపకా నవ్వింది. "బల్లి కాదు, చీమ కూడా దూరదు. ఏవండీ, మదీనాగూడ వాళ్లకి మనం రావట్లేదని చెప్పెయ్యండి."

పాలు పొంగాయి. సక్కుబాయి కూడా.

ఆ సాయంత్రమే ప్రశాంతి పుస్తకాలతో ముందుగదిలో కూర్చుంది. పరీక్ష పాసయింది కూడా. అక్కడి నుంచి రాజయ్య నోట గోడ పెరుగుతూ వచ్చింది. మూరెడు గోడ ఇల్లయింది, ఇల్లు మేడయింది, మేడకు అద్దాలొచ్చాయి, అందులో లిఫ్టు కూడా తిరిగింది. నిజమేనా అని ఎవరైనా అడిగితే సక్కుబాయి గేదెకు గడ్డి వేస్తూ, తల తిప్పకుండా చెప్పేది:

"మాదాపూర్ దిక్కు నేను పోనేలేదు. కొట్టింది చాటంత గోడ. జర వంకర గూడ వచ్చింది. పిల్ల పాసయింది, గంతే."