కూర్మయ్య గొడుగు

చరిత్రకారులు ఇంతవరకూ పట్టించుకోలేదు గాని, రాజాం పక్కన మా ఊళ్ళో ఫోటోకి నిలబడితే గొడుగు విప్పి భుజాన వేసుకునే ఆచారం కూర్మయ్య తండ్రి నూకయ్యతో మొదలైంది. ఆయన ఫోటో ఒక్కటే ఉండేది. రెండిళ్ళ మధ్య సన్నటి బండిదారి ముందు నూకయ్య, భుజాన గొడుగు, గొడుగు అంచు మీద కొండ శిఖరం. కూర్మయ్య రోజూ ఆ పటానికి దణ్ణం పెట్టాకే పొలానికి కదిలేవాడు. తన పెళ్ళి ఫోటోలోనూ గొడుగు విప్పే ఉన్నాడు.

అరవై ఎనిమిదిలో పొరుగింటి అప్పలసూరి ఆ దారికి అడ్డంగా నడుమెత్తు గోడ కట్టి, ఇది పాత గోడేననీ, బాగుచేసుకున్నాననీ అన్నాడు. కోతలు దగ్గరపడ్డాయి. దారి లేకపోతే బండి ఊరి బయట గెడ్డ వాగు చుట్టి కల్లానికి పోవాలి. కూర్మయ్య పటం దింపి పెద్దమనుషుల ముందు పెట్టాడు.

"ఇది ఆ సోటేనని నమ్మకమేటి?" అన్నాడు పెద్దమనిషి జగన్నాధం. "అక్కడే నిలబడి ఇంకోటి తీయించు. పక్కపక్కనెట్టి సూద్దాం."

రాజాం నుంచి ఫోటోగ్రాఫరు నల్లగుడ్డతో, కెమెరా పెట్టే మూడుకాళ్ళ స్టాండుతో వచ్చాడు. పాత ఫోటోలో గొడుగు మీదున్న శిఖరం ఇప్పుడు గొడుగు వెనక మునిగిపోయింది. అది పైకి తేలేదాకా అతను వెనక్కి జరిగి జరిగి, చివరికి దారికి ఎదురుగా ఉన్న అప్పలసూరి అరుగెక్కాడు. అక్కడ కుదిరింది.

"నా గోడ పడగొట్టడానికి నా అరుగే కావలసొచ్చిందేటి బావా?" అన్నాడు అప్పలసూరి.

"మా అయ్యని తీసింది ఇక్కణ్ణుంచే మరి."

"అవును. మా అయ్యే కేకేసి తీయించినాడు. ఆవేళ మీరంతా మా యింట్లోనే బూరెలు తిన్నారు," అని అప్పలసూరి లోపల్నుంచి మజ్జిగ తెప్పించాడు. గోడ మాట మాత్రం ఎత్తలేదు.

"మబ్బుగా ఉన్నాది, ఎండ నేదు గదా, ఆ గొడుగు ముడిసేయ్ మావా," అంది కూర్మయ్య భార్య గున్నమ్మ.

"మా అయ్య ముడిసినాడేటే? ఉన్నదున్నట్టుండాల."

పెద్దమనుషులు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టారు. శిఖరం కుదిరింది. ఇళ్ళ చూరులు కుదిరాయి. పంచె కుచ్చిళ్ళు కూడా కుదిరాయి. కూర్మయ్య మొహం వెలిగిపోయింది.

"అప్పుడెలాగున్నాదో ఇప్పుడూ అలాగే ఉన్నాది," అన్నాడు జగన్నాధం. "ఇందులో కొత్తగా వచ్చిందేటి, కూర్మయ్యా?"

కొత్త ఫోటోలో గోడంతా గొడుగు వెనకాల ఉంది. ఆ యేడు బండి గెడ్డ చుట్టే వెళ్ళింది.