తుమ్మచెక్క చక్రాలు

దగ్గరికి జరిగి కూర్చోండి, నా మాట వినండి. ఇన్నేండ్లుగా గుండెల మీద ఒక బరువుండాది. ఒక మంచి మనిషిని నేను దొంగను చేసినాను.

అప్పట్లో రాజంపేటలో బండిచక్రం అంటే నా చేతిదే. ఆ మాట ఇప్పుడైనా తలెత్తి చెబుతా. మా శెట్టి కారు కొన్నాడు. దానివీ కొయ్య చక్రాలే, పైన రబ్బరు టైర్లు. మన ఎండలకు కొయ్య ఎండి, చక్రం నడిమి ఆకుపుల్లలు వదులై కిర్రుమనబట్టె. "ఉన్న మందానికే కొత్తవి చెయ్యప్పా" అన్నాడు శెట్టి. ఆ సన్నటి పుల్లలు చూస్తే నాకు నవ్వొచ్చింది. నా చక్రం విరిగిందన్న మాట పుట్టకూడదని నల్లతుమ్మ తెచ్చి, ఆకులూ అంచూ రెండింతలు మందంగా చేసి బిగించినా.

ఆ చక్రాలతో కారు కదలడానికే శానా సేపు పట్టేది. ఒంటిమిట్ట దోవలో మిట్ట ఎక్కాలంటే మూలిగేది. శెట్టి డ్రైవరు దేవదానం మీద పడినాడు. "పెట్రోలు అమ్ముకొని కిరసనాయిలు పోస్తాండావు!"

దేవదానం నా వైపు తిరిగినాడు. "అన్నా, చక్రాలు బరువైనాయేమో, నువ్వన్నా చెప్పు."

"చక్రం బరువైతే బండికి బలం రా. తోలడం చేతకాక నా తుమ్మచెక్కను తిడతావా?" అన్నా. చుట్టూ ఉన్నోళ్లు నవ్వినారు. ఆ పొద్దే వాడి పని పాయె.

నాకు తెలియదా? తెలుసు. బిగించేటప్పుడే చూసినా. పాత చక్రం వేలితో తోస్తే తిరిగేది, నాది రెండు చేతులా తోస్తే గానీ కదల్లేదు. బండిలో మూట ఉంటే ముందుకు లాగితే చాలు. అదే బరువు చక్రం అంచున ఉంటే ముందుకూ లాగాల, గుండ్రంగా తిప్పనూ తిప్పాల. ఇంజను బలమంతా దానికే పాయె. మరి నోరెందుకు రాలేదు? భయమా? కాదు, పొగరు.

అంతటితో ఆగినానా? పగుళ్లొచ్చినాయని సాకు చెప్పి, తేలికైన కొయ్యతో పాత మందానికే మళ్లా చేసినా. కారు ఎగిరి దుమికింది. "చూసినారా, దొంగ పోయినాక బండి ఎట్ల పోతాందో!" అన్నారు ఊరంతా. నేను దిద్దిన తప్పే వాడి మీద ముద్రయింది. ఎవరూ మళ్లా కారు చేతికియ్యలేదు. ఓర్వకల్లు దిక్కు రాళ్లు కొట్టే కూలికి పోయి, ఆడనే కన్ను మూసినాడు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినోడు లేడు. పెట్రోలు మంచిదే. చక్రాలే బరువు. చేసింది నేను. ఇంత మాట నోటితో అన్నాక ఊపిరాడతాంది.

మీ ఇంట జొన్నలు నిండుగా ఉండాల. చేయని తప్పుకు మాట పడే రోజు మీ గడపలో ఎవరికీ రాకూడదు.