తేదీ లేని సాక్ష్యం

మా వదిన సువార్తమ్మగారి గురించి చెప్పాలంటే ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఆవిడ మంచిది. ఎంత మంచిదంటే, పక్కనున్నవాళ్ళకి ఒళ్ళు మండేంత మంచిది. నాకేమో నోరాగదు. తాడేపల్లిగూడెంలో జాకెట్లు కుట్టుకుని బతికేదాన్ని, రోజూ పదిమందితో వాదన పెట్టుకోకపోతే నాకు తిన్నది అరగదు. మేమిద్దరం ఇన్నేళ్ళు ఎలా సఖ్యంగా ఉన్నామో ఆ దేవుడికే తెలియాలి.

మా అన్నయ్య రాజరత్నం మండవల్లి వైపు చేపల చెరువుల మీద కాపలా ఉండేవాడు. వదిన అక్కడే అంగన్‌వాడీలో ఆయాగా చేసి రిటైరయింది. అన్నయ్య పోయాక కూడా ఆ ఊరు వదల్లేదు. కారణం అడిగితే, "శనివారం సంచి ఎవరు మోస్తారే?" అనేది. మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఒక అలవాటుంది. అన్నం వండేటప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి దేవుడి పేర వేరే డబ్బాలో పోస్తుంది. వారానికోసారి ఆ బియ్యం చర్చికి చేరుతుంది. ఇంటింటికీ తిరిగి దాన్ని పోగుచేసే పని మా వదినది. రేషన్ బియ్యం పోసినవాళ్ళనీ సన్నబియ్యం పోసినవాళ్ళనీ ఒకేలా "దేవుడు దీవించాలమ్మా" అని పలకరించి వచ్చేది. నేనైతే మొహం చూసి మాట్లాడేదాన్ని.

పోయిన ఏడాది ఒక ఆదివారం మధ్యాహ్నం ఏసోబు బాబాయి ఫోన్ చేశాడు. ఆయన వాళ్ళ సంఘంలో పెద్ద. ఎనభై దాటినా ఇప్పటికీ ఆయన "ఆమేన్" అంటే చర్చి రేకులు అదురుతాయి.

"అమ్మాయ్ పుష్పలతా, మీ వదిన బల్ల తీసుకోవడం మానేసిందమ్మా. బియ్యం సంచి కూడా తెచ్చి నాకిచ్చేసింది. ఏంటమ్మా అంటే చెప్పదు. నువ్వోసారి రా తల్లీ."

ప్రభువు బల్ల అంటే మాకు మాటలు కాదు. రొట్టె, ద్రాక్షారసం పళ్ళెంలో మన దగ్గరికి వస్తాయి. మనసులో ఏదో పెద్ద పాపం పెట్టుకున్నవాళ్ళు తప్ప ఎవరూ చెయ్యి వెనక్కి తీసుకోరు. వదిన చెయ్యి వెనక్కి తీసుకుందనేసరికి నాకు భయమేసింది. ఈ వయసులో ఈవిడేం పాపం చేసిందిరా బాబూ అనుకుంటూ, చెయ్యి కుట్టాల్సిన జాకెట్టు మిషను మీదే వదిలేసి బయల్దేరాను. ఏలూరులో కైకలూరు బస్సెక్కి కొల్లేరు దాటుతున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన, ఈవిడ నా దగ్గర కూడా ఏదో దాచిందని.

వెళ్ళేసరికి వదిన అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పెద్ద నోటుపుస్తకం. మనిషి సగం అయిపోయింది.

"ఏమైందండీ మీకు? అన్నం తింటున్నారా?"

"తింటున్నానే. కూర్చో. మంచినీళ్ళు తాగు."

నీళ్ళు తాగాను. తర్వాత కూర్చోబెట్టి కక్కించాను.

వాళ్ళ సంఘానికి కొత్తగా ప్రదీప్ అనే పాస్టరుగారు వచ్చారు. కుర్రవాడు, మర్యాదస్తుడు. సంఘం వార్షికోత్సవానికి పెద్దవాళ్ళ సాక్ష్యాలన్నీ ఒక చిన్న పుస్తకంగా వేయిద్దామన్నాడట. సాక్ష్యానికి మా వాళ్ళలో ఒక పద్ధతుంది. దేవుణ్ణి ఎరగకముందు ఎలా బతికాం, ఏ రోజున రక్షణ పొంది దేవుడిలో తిరిగి పుట్టాం, తర్వాత ఎలా మారాం. ఆ వరసలో చెబితేనే సాక్ష్యం. వదినని కూడా తన విశ్వాస జీవితం రాయమన్నారు. ఆవిడ సంతోషంగా మొదలుపెట్టింది. ఆ వారమే పాస్టరుగారు ప్రసంగంలో ఒక మాటన్నాడట: "తిరిగి పుట్టినవాడికి ఆ రోజు తెలిసి తీరుతుంది. తెలియదంటే ఇంకా పుట్టలేదన్నమాటే."

"నాకు ఆ రోజు లేదే పుష్పా," అంది వదిన. "ఎంత వెతికినా దొరకట్లేదు. రేపు కన్నుమూసి దేవుడి ముందు నిలబడతాను. 'నువ్వెవరివో నాకు తెలీదమ్మా' అంటే నేనేమైపోవాలి?"

రెండు తరాలకి పాటలు నేర్పిన మనిషి, జబ్బుపడ్డవాళ్ళందరి పక్కనా కూర్చుని ప్రార్థించిన మనిషి, పరాయి పెళ్ళికి పిలవకుండా వచ్చినదానిలా చర్చిలో గుమ్మం దగ్గర కూర్చుంటోందట. నాకు ఆ పాస్టరు మీద మహా కోపం వచ్చింది. వెళ్ళి దులిపేస్తానన్నాను. వదిన చెయ్యి పట్టుకుని ఆపింది.

సరే, ఆ రోజేదో ఇద్దరం కలిసి వెతుకుదామని నేనూ అక్కడే ఉండిపోయాను. ఆవిడ చెబుతుంటే నేను గుచ్చిగుచ్చి అడిగాను.

"చిన్నప్పుడు మీ అబ్బాయికి టైఫాయిడ్ వచ్చినప్పుడా? ఆసుపత్రి వరండాలో మోకాళ్ళ మీదే ఉన్నారుగా."

"అంతకుముందు నుంచీ ప్రార్థన చేస్తున్నానుగదే. ఆ రోజు కొత్తేముంది?"

"కొల్లేరు పొంగి ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చినప్పుడో?"

"అప్పుడు బడి మేడ మీద అందరిచేతా పాటలు పాడించాను. పాటలు ముందే వచ్చుగా మరి."

"పోనీ, అన్నయ్య పోయినప్పుడు?"

"అప్పుడు దేవుడి మీద అలిగాను. చాలా రోజులు ప్రార్థనలో కూర్చునేదాన్ని గానీ పలికేదాన్ని కాదు."

"ముక్కూమొహం తెలియనివాళ్ళ మీద ఎవరైనా అలుగుతారా వదినా? అప్పటికే బాగా తెలుసన్నమాటేగా!"

"అదే చెబుతున్నాను. ఎక్కడికెళ్ళి చూసినా ఆయన నాకంటే ముందే అక్కడున్నాడు. మరి మొదలెక్కడ?"

తాగుబోతులకి ఈ విషయంలో సుఖం. ఫలానా రోజున సీసా పగలగొట్టానని చెప్పేయొచ్చు. ఈవిడేం మానేసిందని చెప్పాలి? కాఫీ కూడా అలవాటు లేదాయె. విసుగొచ్చి, "ఏదో ఒక తేదీ వేసేయండి. ఎవడొచ్చి చూశాడు?" అన్నాను.

"సాక్ష్యంలో అబద్ధం రాయమంటావా? నోర్ముయ్!" అంది. పెళ్ళయి మా ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ నోట ఆ మాట నేను వినలేదు. నిజంగానే మూసుకున్నాను.

అచ్చుకి ఇవ్వాల్సిన గడువు వచ్చేసింది. మిగతా జీవితమంతా రాసి, రక్షణ పొందిన రోజు అన్నచోట ఖాళీ వదిలి, ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరం ఏలూరు వెళ్ళాం. డీటీపీ షాపు నడిపే అమ్మాయి పేరు ఇందుజ. చకచకా టైపు చేసుకుపోతోంది. వదిన స్టూలు మీద ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఆ ఖాళీ దగ్గర అమ్మాయి ఆగుతుందనీ, ఏమని అడుగుతుందోననీ నాకూ బెరుగ్గానే ఉంది.

ఇందుజ ఆ ఖాళీ దాకా రాలేదు. ముందు ఫొటో పెట్టి, "ఫొటో కింద పుట్టిన తేదీ వెయ్యమన్నారండీ పాస్టరుగారు. చెప్పండమ్మా," అంది.

"జులై ఒకటి అని వేసెయ్యమ్మా. అది బళ్ళో చేర్చేటప్పుడు మాస్టారు వేసిందిలే."

"మరి అసలుదండీ?"

"ఎవరికి తెలుసమ్మా? ముదినేపల్లి దగ్గర మా అమ్మ నాట్లేస్తుంటే నొప్పులొచ్చాయట. గట్టెక్కి ఇంటికొచ్చి కనేసిందట. ఏ రోజో ఎవరూ రాసిపెట్టలేదు."

ఇందుజ నవ్వేసింది. "మా నాన్నగారిది కూడా జులై ఒకటేనండీ. ఆ లెక్కన మా వీధిలో పెద్దాళ్ళు సగంమంది ఆ రోజే పుట్టారు."

నేనూ నవ్వాను. వదిన మాత్రం నవ్వలేదు. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పుష్పా, నేను పుట్టానంటావా?"

"ఇదేం ప్రశ్నండీ బాబూ! పుట్టకపోతే ఇన్నాళ్ళూ నా ప్రాణం తోడేసిందెవరు?"

"తేదీ లేకుండానే?"

"తేదీ లేక..." అని నేనూ ఆగిపోయాను. వదిన మొహం చూస్తే అప్పుడు తట్టింది నాకు.

"ఊపిరి తీసుకుంటున్నాను, ఆకలేస్తోంది, ఏడుపొస్తోంది. పుట్టినట్టేగదే! రోజు తెలియకపోతేనేం?" అంటూనే ఆవిడ నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూనే ఏడ్చింది. పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "పెన్నివ్వమ్మా," అని ఇందుజని అడిగింది. ఆ పిల్లకి ఏమీ అర్థం కాక నాకేసి చూస్తూ పెన్నిచ్చింది. వదిన ఆ ఖాళీలో రాయాల్సింది రాసి, లేచి నిలబడి, "పద, ఏదైనా తిందాం," అంది. బస్టాండు దగ్గర హోటల్లో ఉప్మా పెసరట్టు తిని, ఇంకోటి చెప్పింది. ఆవిడ తింటుంటే చూస్తూ నేను కాఫీ చల్లారబెట్టుకున్నాను.

మండవల్లి వెళ్ళాక వదిన ఆ పేజీ పాస్టరుగారికి చూపించింది. నేను పోట్లాటకి సిద్ధంగా పక్కనే నిలబడ్డాను. ఆయన చదివి తలొంచుకున్నాడు.

"నాకు రోజు తెలుసండీ అత్తయ్యగారూ. కాలేజీలో ఉండగా ఒక సాయంత్రం నా బతుకు మొత్తం తిరిగిపోయింది. అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. ఇన్నాళ్ళు ఇంత బాధ పెట్టుకుని నాతో ఒక్క మాట చెప్పలేకపోయారా అండీ?"

అలా అన్నాక ఇంక నేనేం పోట్లాడతాను? తెచ్చుకున్న కోపమంతా దండగైపోయింది.

వార్షికోత్సవం నాడు వదిన సాక్ష్యం తనే చదివింది. "నేను పుట్టిన రోజు నాకు తెలియదు. పుట్టానని తెలుసు. నా దేవుడు నన్ను తిరిగి కన్న రోజు కూడా తెలియదు. కన్నాడని తెలుసు. కన్నవాడికి తెలిస్తే చాలు." అంతవరకు చదివేసరికి చాపల మీద కూర్చున్న ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎలిజబెత్ అనే ముసలావిడ పైటతో కళ్ళొత్తుకుంది. ఎప్పుడూ మొదట వినబడే ఏసోబు బాబాయి ఆమేన్ మాత్రం వినబడలేదు. ఈయనకిది నచ్చలేదేమోనని నాకు కొంచెం బెంగేసింది.

తర్వాత బల్ల. రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఏసోబు బాబాయే. వదిన దగ్గరికొచ్చి వంగాడు. ఆవిడ చెయ్యి చాపి, ముక్క తీసుకుని, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకుంది. బాబాయి ముందుకి కదల్లేదు. పళ్ళెం ఎడంచేతిలోకి మార్చుకుని, తనూ ఒక ముక్క తీసుకున్నాడు.

"ఆ ప్రసంగం విన్నప్పటి నుంచీ నేనూ తీసుకోవట్లేదమ్మా సువార్తమ్మా," అన్నాడు మెల్లగా. "పంచేవాడు తిన్నాడో లేదో ఎవరు చూస్తారు?"

రొట్టె నోట్లో వేసుకున్నాడు. మింగాడు. అప్పుడు రేకులు అదిరేలా అన్నాడు: "అమ్మయ్య!"