చెయ్యెత్తప్పా

ప్రొద్దుటూరులో మా వీధి టైలర్ మామ కొలతలు తీసేటప్పుడు ఎవరితోనైనా ఒకటే మాట అనేవాడు: "చెయ్యెత్తప్పా." పెళ్లికొడుకైనా, పోలీసాయనైనా ఆ మాటకు లొంగాల్సిందే.

సరిహద్దులో ఆయన కొడుకు చనిపోయిన కొన్నాళ్లకు చొక్కా కుట్టించుకుందామని వెళ్లాను. మిషన్ మీద గుడ్డ లేదు. కొడుకు చిన్నప్పుడు ఆడుకున్న ప్లాస్టిక్ సైనికులు ఉన్నారు. పాతకాలపు బొమ్మలు, ఒంటి మీద ఉత్త చొక్కాలే. పైపు లీకులకు పూసే ముద్దను పలచగా ఒత్తి, మామ వాటికి ఇప్పటి బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు తొడుగుతున్నాడు. జేబులు పెట్టాడు, సూదిమొనతో కుట్లు కూడా గీశాడు.

"శానా బాగుండాయి మామా," అన్నాను.

"ముందర, ఎనక గట్టి బిల్లలుంటాయప్పా. చంక కింద ఏముండదు. మావోడు ఎనకోళ్లను రమ్మని చెయ్యెత్తినాడంట. ఆడనే తగిలింది."

ఒక బొమ్మ కూడా అట్లాగే, ఎవరినో పిలుస్తున్నట్టు చేయెత్తి ఉంది. మామ ఆ చేతిని భుజం దగ్గర బ్లేడుతో కోసి, కిందికి తిప్పి, ఒంటికి ఆనించి అతికించాడు. జిగురు ఆరేదాకా వేలితో అదిమి పట్టుకున్నాడు.

తర్వాత టేపు తీసుకుని నా దగ్గరికొచ్చాడు. అలవాటు కొద్దీ చేయెత్తాను.

"దించప్పా," అన్నాడు. అర్థంకాక అలాగే నిలబడ్డాను.

"దించు నాయనా," అంటూ నా చేతిని తనే కిందికి నొక్కి, చాలాసేపు వదల్లేదు.

ఆయన కుట్టిచ్చిన ఆ చొక్కా చంకల్లో బాగా బిగుతు. అది తొడుక్కుంటే ఇప్పటికీ నా చేయి పైకి లేవదు.