ఆ పొద్దు వాగు దాటిచ్చింది నేను కాదు

దయ్యాలున్నయంటే నేను నమ్మేటోన్ని కాదు. ఇరవై ఏండ్ల సంది చెరువు కట్ట మీద లష్కర్ కొలువు చేస్తున్న. తూములు ఎత్తుడు, దించుడు, కాలువ వెంబడి తిరుగుడు నా పని. ఒక్కన్నే కట్ట మీదికెళ్లి ఎన్ని సార్లు తిరిగిన్నో లెక్క లేదు. ఎన్నడూ ఏదీ కనవడలే. ఎవరికన్న గాలి సోకిందంటే, పోయి గోలి ఏసుకోమని చెప్పేటోన్ని. ఇప్పుడు నేను రాసేది చదివి మీరు ఏమన్న అనుకోండ్రి. నాకైతే ఇది చెప్పాలంటే భయం కాదు, సిగ్గు.

మా ఊరు ఎల్లారెడ్డికెళ్లి నాగిరెడ్డిపేట పోయే దిక్కు ఉంటది. పేరు రాస్తలేను. చెరువు కింద వాగు రెండు పాయలైతది, నడుమ నాలుగు మడ్లున్నయి. మామూలు రోజుల్ల చెప్పులు చేత పట్టుకొని దాటొచ్చు. పైన ఊర్లల్ల గట్టి వాన పడిందంటే మాత్రం, మా దగ్గర ఎండ కొడుతున్నా సరే, వాగు ఒక్కపారే వస్తది. ముందు చప్పుడు, ఎనక నీళ్లు.

మొన్నటి వానకాలం కాదు, దాని ముందటిది. రాత్రంత పైన దంచి కొట్టింది. తెల్లారి మా ఊర్ల మబ్బు ఇచ్చుకొని ఎండ వచ్చింది. పదకొండు గంటల యాళ్లకు నేను తూము గది ముంగట కూసున్న. పై చెరువు లష్కర్ ఫోన్ చేసిండు.

"మల్లేశా, మా కట్ట కోసుకపోయింది. అర్ధ గంటల నీ వాగుకు వస్తది. కింద ఎవలన్న ఉంటే ఎల్లగొట్టు" అన్నడు.

కింద ఉన్నరు. పాయల నడుమ మడ్లల్ల ఏడుగురు ఆడోళ్లు నాటేస్తున్నరు. కట్ట మీదికి వాళ్ల చీరెలు కనవడుతున్నయి. వాళ్లల్ల పెద్దామె సాయవ్వ, మా వాడకట్టే. మా అమ్మ కూలికి పోయిన దినాలల్ల నాకు బువ్వ పెట్టిన మనిషి. ఇంకొకామె లలిత, ఆమె నంబరు నా తాన ఉండె. చేసిన. మోగి మోగి ఆగిపోయింది. ఫోను సద్ది మూటల పెట్టి గట్టు మీద ఉంచిందట.

కట్ట దిగి సగం తొవ్వ పోయిన. ఇవతలి పాయల నీళ్లు అప్పటికే ఎర్రగయినయి. పాదాలు మునిగేటంతే ఉన్నయి. దాటొచ్చు. కాని దూరం నుంచి పెద్ద లారీ గుట్ట ఎక్కినట్టు చప్పుడు వస్తున్నది. నాకు ఈత రాదు. చెరువు మీద కొలువు చేసేటోనికి ఈత రాదంటే నవ్వుతరని ఎన్నడూ ఎవరికీ చెప్పలే. అక్కడ్నుంచే ఒర్లుదామని నోరు తెరిచిన. గొంతు ఎల్లలే.

ఎనకకు మర్లిన.

ఊర్లెకు ఫోన్ కొట్టాలన్న తెలివి గూడ రాలే. రాలేదో, నువ్వేడున్నవని అడుగుతరని కొట్టలేదో, ఇప్పటికీ నాకే తెల్వది. తూము గదిల కూసొని లోపటి గొళ్లెం పెట్టుకున్న. చెవులు మూసుకున్న. అయినా ఇనవడ్డది. మొదటి పోటు వచ్చినప్పుడు కింద నేల అదిరింది. జరంత సేపు సల్లబడ్డట్టయి రెండో పోటు వచ్చింది, దానికంటె పెద్దది. సాయవ్వ మొఖం కండ్లల్ల మెదిలింది. అయినా లేవలే.

గంట దాటినంక బయట ఆడోళ్ల గొంతులు ఇనవడ్డయి. శవాల కోసం ఏడుస్తున్నరనుకున్న. గొళ్లెం తీసిన.

ఏడుగురికి ఏడుగురు నిలవడి ఉన్నరు. తల నుంచి కాళ్ల దాక బురద. సాయవ్వ వచ్చి నా రెండు చెంపలు పట్టుకున్నది.

"నా కడుపున పుట్టకపోయినా కొడుకువే బిడ్డా. నువ్వు రాకపోతే మా పీనుగులు గూడ దొరకకపోతుండె" అన్నది.

నాకు ఏం సమజ్ కాలే. లలిత నన్ను కింది నుంచి మీది దాక చూసింది.

"అన్నా, గింత జల్దిగ బట్టలెట్ల మార్చుకున్నవే?"

నా అంగి మీద ఒక్క నీటి చుక్క లేదు. "గదిల ఇంకో జత ఉంటది" అన్న. ఆలోచించి అన్న మాట కాదు, దానంతట అదే వచ్చింది. గదిల ఏ జతా లేదు.

తర్వాత ఒక్కొక్కరిని వేరే వేరే అడిగిన, ఏదో మాటల నడుమ అడిగినట్టు. అందరిదీ ఒక్కటే మాట. ఖాకీ అంగి, తలకు తువ్వాల. నేను ఉరికొచ్చి "పై కట్ట కోసుకపోయింది, నారు ఇడిసిపెట్టుండ్రి" అని ఒర్లిన్నట. లలిత ఇనకపోతే ఆమె చేతిల నారు కట్ట గుంజి పారేసిన్నట. ఒక్కొక్కరిని చెయ్యి పట్టి దాటిచ్చిన్నట. ఆఖరుకు సాయవ్వ. అప్పటికి నీళ్లు నడుముకు వచ్చినయి, నేను పట్టిన పట్టుకు ఆమె గాజులు పలిగినయట. మణికట్టు మీద కోసుకున్న గాయాలు నేనే చూసిన. గడ్డకెక్కి మర్లి చూస్తే నేను లేనట. తూము కాడికి ఉరికిండనుకున్నరట.

మొఖం మంచిగ చూసిన్రా అని లలితను అడిగిన. "మొఖమెవలు చూస్తరన్నా ఆ టైముల? గొంతు నీదేనాయె" అన్నది.

ఎవరో వేరేటోడు అయి ఉంటడని చానా దినాలు ఎంకులాడిన. గొర్లోళ్లను అడిగిన, మడ్ల ఆసామిని అడిగిన. ఆ దిక్కు ఎవరూ పోలేదన్నరు. ఇంకొకటి, పై కట్ట కోసుకపోయిన సంగతి అప్పటికి మా ఊర్ల నాకు తప్ప ఎవరికీ తెల్వది. పై లష్కర్‌ను అడిగితే, నాకు తప్ప మా ఊర్లె ఎవరికీ ఫోన్ చెయ్యలేదన్నడు.

పంచాయితీ ముంగట మీటింగు పెట్టి నాకు శాలువ కప్పిన్రు. అప్పుడన్న చెప్పొచ్చు. చప్పట్లు కొడుతుంటే తల దించుకొని నిలవడ్డ. ఎంత అణకువ ఉన్న మనిషి అన్నరు. చలికాలం నా భార్య ఆ శాలువ తీసి కప్పబోతే, గుచ్చుతదని పక్కకు పారేసిన. ఆమె ఇప్పటికీ వచ్చినోళ్లందరికీ చెప్తది, మా ఆయన ఏడు పానాలు కాపాడిండని. నేను లేచి బయటికి పోత.

పోయిన ఏడు సాయవ్వ తుంటి ఇరిగి కామారెడ్డి దవాఖానల పడ్డది. చూడ పోయిన. ఆమె కొడుకు మందులకు కిందికి పోయినప్పుడు, మంచం పక్కకు కూసొని మొత్తం చెప్పేసిన. ఈత రాని సంగతి, గొళ్లెం సంగతి, అంతా.

తిడుతదనుకున్న. తిడితే బాగుండనిపించింది గూడ. ఆమె నా చెయ్యి దగ్గరికి గుంజుకున్నది. అరచెయ్యి, వేళ్లు, మణికట్టు, మెల్లగ ఒత్తి ఒత్తి చూసింది.

"ఇదే చెయ్యి" అన్నది. "నడుము లోతు నీళ్లల్ల పట్టుకున్న చెయ్యిని నేను మర్సిపోత్నా? ఎందుకు బిడ్డా, నీ మీద నువ్వే గిట్ల నింద ఏసుకుంటవ్?"

"అవ్వా, నేను రాలే" అన్న.

"వచ్చినవ్" అన్నది, చిన్న పోరనికి చెప్పినట్టు. అట్లనే నా చెయ్యి పట్టుకొని నిద్రపోయింది.

ఆమె కొడుకు వచ్చేదాక నేను చెయ్యి తీసుకోలే. ఆ దినం వాగుల ఆమె పట్టుకున్నది ఎవరి చెయ్యో నాకు ఇప్పటికీ తెల్వది. ఆ యాళ్ల నా చేతులు రెండూ నా చెవుల మీద ఉన్నయి.