బూడిదగాడికి దొరకకూడని మనిషి

టైలరింగ్ షాపు షట్టరు ఎత్తకముందు ఆమె దాదాపు రోజూ కాసేపు సిమెంటు గొట్టంలో పడుకుని వస్తుంది. షాపు వెనకే, శిథిలాల కింద చిక్కుకున్న మనుషుల్ని వెతికే కుక్కలకు శిక్షణ ఇచ్చే మైదానం. కూలిన మేడలా కనిపించడానికి అక్కడ పగిలిన స్లాబులూ, తలుపులూ, వంకర తిరిగిన చువ్వలూ గుట్టపోశారు. ఆ గుట్ట కింద ఆమె మోకాళ్ళు గడ్డానికి ఆనించి, ఊపిరి బిగబట్టి ఉంటుంది. కుక్క వాసన పట్టి వచ్చి మొరగాలి. అప్పుడు గుడ్డ తాడు దాని నోటికిచ్చి లాగుడాట ఆడాలి. కుక్కకు అదే బహుమానం.

"మిషను కుట్టుకునేదానివి, కుక్కలకి దొరకడం ఓ పనా?" అంటుంది అత్తగారు. "కోడలేం చేస్తుందని అడిగితే నేనేం చెప్పుకోనే?"

"దొరికిపోతూ ఉంటుందని చెప్పండత్తయ్యా. అబద్ధం కాదుగా."

ఆ పనికి ఒకటే కట్టుబాటు. దాక్కునే మనిషి కుక్కకు చుట్టం కాకూడదు. చనువు పెరిగితే కుక్క ఆ ఒక్క మనిషి కోసమే వెతుకుతుంది, మిగతావాళ్ళను వదిలేస్తుంది. బూడిదగాడి దగ్గర ఆమె ఆ గీత దాటింది. బూడిదరంగు బొచ్చు కాబట్టి వాడికా పేరు. రెండేళ్ళ కిందట వాడి పాదం తెగితే, సాయంత్రాలు షాపు కట్టేసి వెళ్ళి తల ఒళ్ళో పెట్టుకుని కట్టు మార్చేది. కట్టు కూడా తన దగ్గర మిగిలిన మెత్తటి గుడ్డే. ఆ తర్వాత పరీక్ష పెట్టారు. దగ్గరి గుంటలో ముక్కూమొహం తెలియని మనిషిని దాచారు, దూరపు గొట్టంలో ఆమెను. బూడిదగాడు ఆ గుంట మీదుగా గెంతి సరాసరి ఆమె దగ్గరికే వచ్చాడు.

శిక్షణ చూసే పెద్దసారు కేకలేయలేదు. "నిజంగా మేడ కూలిననాడు వీడు నిన్ను వెతుక్కుంటాడమ్మా. అక్కడ నువ్వుండవు," అన్నాడు.

అప్పటి నుంచి వాడి వంతు వచ్చిన రోజు ఆమె మైదానంలోకి వెళ్ళకూడదు. షాపులోకి వాడి మొరుగు వినిపిస్తుంది. మిగతా కుక్కలు మొరిగితే కత్తెర ఆగదు. వాడు మొరిగితే ఆగుతుంది.

మొన్న ఊళ్ళో నిజంగానే ఓ మేడ కూలింది. బూడిదగాడు మూడు రోజులు వెతికాడు. వాడు మొరిగిన ప్రతిచోటా శవమే దొరికింది. నాలుగోనాడు ఆ శిథిలాల అంచున చతికిలబడి, ముద్ద ముట్టలేదు. వాణ్ణి నడిపించే హ్యాండ్లర్ దుమ్ము కొట్టుకున్న బూట్లతోనే షాపుకొచ్చాడు.

"అక్కా, మైదానంలో కొత్తవాళ్ళని దాచి చూశాం. వాడు లేవట్లేదు. సారు నిన్ను రమ్మన్నారు."

"నన్నా? కంటపడొద్దన్నది ఆయనేగా!"

"శవాలే దొరికి వాడికి వెతకాలనే లేకుండా పోయింది, ఇప్పుడు బతికున్న మనిషి దొరకాలక్కా. నువ్వైనా సరే." అతను నేల చూపులు చూశాడు. "ఇవాళా లేవకపోతే పనిలోంచి తీసేస్తారు. నా ఇంట్లో ఓ ముసలి కుక్క ఉంది, ఇంకోదాన్ని పెట్టుకోలేను. నీకిచ్చేయమని సారుకి చెప్పాను."

ఆమె దారం పళ్ళతో తెంపి, మిషను కింద మూలనున్న గుండీల పెట్టెను కాలితో పక్కకు జరిపింది. అక్కడ ఓ కుక్క ముడుచుకుని పడుకోవచ్చు. ఆ సంగతి ఆమెకు రెండేళ్ళుగా తెలుసు.

గొట్టంలోకి దూరాక గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుంది. లోపలి కొసకు జరిగి అక్కడున్న టార్పాలిన్ పట్టా కప్పుకుంటే వాసన బయటికి పోదు. వాడు అంచునే కూర్చుండిపోతాడు. సాయంత్రానికి మిషను కింద ఉంటాడు. అడిగేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె కాసేపు పట్టా కొస పట్టుకునే ఉంది. తర్వాత దాన్ని అవతలికి తన్నేసి, జుట్టు విప్పుకుని, గాలి తగిలే గొట్టం మూతి వైపుకు పాక్కుంటూ వచ్చింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత స్లాబు మీద గోళ్ళ చప్పుడు. మట్టి రాలి కళ్ళలో పడింది. మొరుగు మీద మొరుగు. తాడు అందిస్తే వాడు దాన్ని వదిలేసి ఆమె మెడలో మూతి దూర్చాడు.

"తాడు పట్టరా వెధవా, పని ఇది," అంటూ ఆమె మళ్ళీ నోటికిచ్చింది. ఈసారి పట్టాడు. ఇద్దరూ లాక్కున్నారు, బయట హ్యాండ్లర్ ఈల వేసేదాకా.

చీకటి పడే వేళకు అతను ఫోన్ చేశాడు. "కూలిన మేడలో లిఫ్టు గుంట దగ్గర మొరిగాడక్కా! కింద ఓ వంటామె ప్రాణాలతో ఉంది."

"వాడు తిన్నాడా?"

"రెండు గిన్నెలు లాగించాడు."

"సారు ఏమన్నారు?"

"రేపట్నించి మళ్ళీ పాత పద్ధతే అన్నారు."

ఫోన్ పెట్టేసి గుండీల పెట్టెను మళ్ళీ మిషను కిందికి తోసింది. బూడిదగాడికి ఆరేళ్ళు. కుక్కలను పనిలోంచి దింపేది తొమ్మిదేళ్ళు నిండాక.