బావ చేసిన వెదురు క్లిప్పు

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. తమిళనాట మా ధర్మపురి వైపు పోయినవాళ్ళ గురించి ఎవరూ రాయరు. కర్మాంతరం అయ్యేదాకా మాట్లాడుకుంటారు, ఆ తర్వాత వాన గురించి మాట్లాడుకుంటారు. పైగా మా ఇండ్లలో తెలుగు మాట్లాడేవాళ్ళే గానీ చదివేవాళ్ళు అరుదు. నేనైనా బడిలో నేర్చుకున్నది కాదు. మా నాయన తిరుపతి నుంచి తెచ్చిన పంచాంగం పక్కన పెట్టుకొని, దాంట్లోంచి ఒక్కో అక్షరం గుర్తుపట్టి, బెల్లం పొట్లాల కాగితాల మీద దిద్దుకున్నాను. "అందుకే నీ రాతలో కొంచెం బెల్లం, కొంచెం అమావాస్య ఉంటాది" అనేవాడు మా బావ. ఆ బావే పోయాడు.

పాపారపట్టిలో టీ తాగుతుంటే మారండహళ్ళి బస్సు కండక్టరు మెట్టు మీద నిలబడే చెప్పాడు. "మీ అక్క ఇంటాయన తెల్లారి పోయినాడంట. ఎక్కండి, టికెట్టు తర్వాత చూసుకుందాము." టీ సగం మిగిలింది. అంగడివాడు గ్లాసు తీసుకున్నాడు.

మారండహళ్ళిలో అక్క వాళ్ళ వాకిట్లో పందిరి వేసి ఉంది. పందిరి కింద కూర్చున్నవాళ్ళు ఒకే మాట అంటున్నారు: "పాపం, చెయ్యి పడిపోయినాక ఆయనకు ఒక్క చేప కూడా చిక్కలేదు." మా అక్క కూడా తల ఊపింది. అది నిజం కాదు. చెబుదామని నోరు తెరిచాను, మళ్ళీ మూసుకున్నాను. ఎందుకో తెలియాలంటే బావ గురించి మొదటి నుంచి చెప్పాలి.

బావ చింతచెట్లు గుత్తకు తీసుకునేవాడు. అది పొట్ట కోసం. మనసంతా ఊరి అవతలి డ్యామ్ మీద ఉండేది. గాలం విసరడంలో ఆయనకు పేరుంది. తాడు కొసను తల మీదుగా గిరగిరా తిప్పి వదిలితే, అది ఎక్కడ పడాలని చూశాడో అక్కడే పడేది. బావమరిదిని నేను, వేళాకోళం నా హక్కు. "బావా, మా అక్క కూడా నీ గాలానికే చిక్కిందా?" అంటే, "లేదు బామ్మర్దీ, ఆ పొద్దు ఎర నేను" అన్నాడు. అక్క వినలేదనుకున్నాం. వింది. ఆ పూట ఇద్దరికీ చారులో ఉప్పు లేదు.

ఒకనాడు పక్షవాతం వచ్చి పొలం గట్టు మీద పడిపోయాడు. ప్రాణం నిలిచింది గానీ ఎడమ చెయ్యి వేలాడిపోయింది, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ నడిచేవాడు. కుడి చేత్తో తాడు తిప్పబోతే ఒళ్ళు నిలవక తూలేవాడు. డాక్టరు రోజూ నడవమన్నాడు, నీళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దన్నాడు. బావ మొదటి సగం విన్నాడు.

ఆ రోజుల్లోనే ఆయన ఒక పలక చేశాడు. మూరెడు చెక్క, ఒక అంచున ఇనుప ముక్క కొట్టి నీళ్ళలో నిట్టనిలువుగా నిలబడేటట్టు చేశాడు. గాలిపటానికి కట్టినట్టు రెండు దారాలు కట్టి, వాటికి పొడవాటి తాడు తగిలించాడు. గట్టు వెంట నడుస్తూ ఆ తాడు లాగితే పలక మన వైపు రాదు. మొండి మేక లాగా అవతలికి, నడి నీళ్ళలోకి పోతుంది. గాలం దారాన్ని ఆ పలకకు ఒక క్లిప్పుతో పట్టిస్తే, విసరకుండానే గాలం దూరం పోతుంది. చేప గాలాన్ని పట్టిన క్షణాన క్లిప్పు దారాన్ని వదిలేయాలి. పలక దారి పలకది, చేప మాత్రం మనిషి చేతిలో ఉంటుంది. పలక తాడు బావ నడుముకు, గాలం దారం కుడి చేతిలో. ఇంకొకరి సాయం అక్కరలేదు. ఆయనకు కావలసింది అదొక్కటే. చేప కూర మా అక్క కొని వండగలదు. తన చేత్తో తానుగా ఒక చేపను తెచ్చుకోగలడా లేదా అన్నదే ఆయన లోపల మెదిలే మాట.

కష్టమంతా ఆ క్లిప్పుతోనే వచ్చింది. మొదట దండెం మీది బట్టల క్లిప్పులు పోయాయి. అవి నీళ్ళకు ఉబ్బి బిగుసుకున్నాయి.

"నా చీర దుమ్ములో, నీ క్లిప్పు నీళ్ళలో! ఏమయ్యా, ఈ ఇంట్లో నేను బట్టలు ఆరేసుకునేదా వద్దా?"

"ఆరేసుకో. గాలి లేని పొద్దు ఆరేసుకో."

తర్వాత అక్క తలలో పెట్టుకునే స్లైడులు పోయాయి. చిన్న అలకే వదిలేసేవి. చివరికి వెదురు చీల్చి రెండు బద్దలు చేసి, లోపల పాత రబ్బరు చెప్పు ముక్కలు అతికించి, పైన సైకిల్ ట్యూబు కోసిన వలయం తొడిగాడు. వలయం ముందుకు జరిపితే పట్టు బిగుస్తుంది, వెనక్కి జరిపితే సడలుతుంది. పట్టు చూడటానికి వాకిట్లో క్లిప్పుకు దారంతో చెంబు వేలాడదీసి, చెంబులో కొద్దికొద్దిగా నీళ్ళు పోసేవాడు.

"దానికి దాహమా?" అనేది అక్క పోతూ వస్తూ.

ఎవరైనా ఇందులో బతుక్కి పనికొచ్చే నీతి వెతుకుతారేమో. ఒకసారి నేను వెతికాను. "పట్టుకోవడం కంటే వదలడమే గొప్ప, అంతేనా బావా?" అన్నాను. ఆయన విసుక్కున్నాడు. "క్లిప్పును క్లిప్పుగా ఉండనీరా. నీకు అన్నీ కతలే."

పెరటాసి నెల వచ్చింది, తిరుపతి స్వామికి ఇష్టమైన నెల. ఆ నెలంతా మా వాళ్ళు నీచు ముట్టరు. శనివారమైతే ఇల్లు కడిగి పెరుమాళ్ళకు తళిగ వేస్తారు. పులిహోర, చక్కెర పొంగలి ఆకులో పోసి, నామాలు పెట్టుకొని గోవింద కొడతారు. తళిగకు నేనూ వెళ్ళాను. అక్క పొయ్యి దగ్గర ఉన్న సమయం చూసి బావ నన్ను డ్యామ్‌కు లాక్కుపోయాడు.

"శనివారం బావా!"

"ఎర లేదు గదా. క్లిప్పు పట్టు చూస్తాను, అంతే."

"మరి కొక్కె ఎందుకు?"

"బరువు సరిగ్గా ఉండాల గదా. కొక్కె లేకుంటే అది పరీక్ష ఎట్లా అయితాది?"

కొక్కె పైన రేకు ముక్క ఒకటి చిన్న చేపలా తళతళలాడుతోంది. అదీ బరువు కోసమేనట. ఆయన ఈడ్చుకుంటూ నడిచే ఆ నడక పలకకు సరిగ్గా సరిపోయింది. నేను నడిస్తే అది ఎగిరి పడేది. ఆయన వెంట మాత్రం బుద్ధిగా సాగింది. కొంత దూరం పోయాక పలక ఒక్కసారి వణికింది. క్లిప్పు తెరుచుకుంది. పలక తేలిక పడి పక్కకు ఊగింది, బావ కుడి చేతిలో దారం బిగిసింది.

నేను ముందుకు ఉరికాను. "ముట్టుకోవద్దు!" అని అరిచాడు. అంత గట్టిగా ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. దారాన్ని మోచేతికి చుట్టుకుంటూ, పళ్ళతో పట్టుకుంటూ, మోకాళ్ళ మీద కూలబడి లాగాడు. విరాల్ మీను, ఆంధ్రలో కొర్రమీను అంటారు. గట్టు మీద పడి ఎగురుతుంటే తువ్వాలు తడిపి దాని మీద వేసి, కాలితో అదిమి, కొక్కె తీశాడు. అన్నీ ఒక్క చేత్తోనే. తర్వాత దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఊరి నుంచి గోవింద కేకలు వినబడుతున్నాయి.

"పెరుమాళ్ళకు ఈ పొద్దే దొరికినానా నేను?" అన్నాడు. నవ్వుతున్నాడు, కండ్లలో నీళ్ళు. తర్వాత చేపను నీళ్ళలోకి నెట్టాడు.

ఇంటికి రాగానే ఆగలేకపోయాడు. ఆకు ముందు కూర్చున్న వాళ్ళందరి ఎదుటా అక్కతో చెప్పాడు.

"ఎంత ఉండింది?" అంది అక్క.

"రోకలంత!"

అక్క గరిటె పట్టుకొనే నవ్వింది. "రోకలంత చేప. ఒక్క చేత్తో. శనివారం. పైగా ఇడిసేసినాడంట!" ఇల్లంతా నవ్వింది. "నువ్వు చూసినావా రా?" అని నన్ను అడిగింది. చూశానన్నాను. నవ్వు ఇంకా పెరిగింది. నా కబుర్లు ఆ ఇంట్లో అందరికీ తెలిసినవే. "సాక్షికి నువ్వు తప్ప ఎవురూ దొరకలేదే నాకు" అన్నాడు బావ, తానూ నవ్వుతూ. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. వానలకు మళ్ళీ జబ్బు చేసి మంచం పట్టాడు. ఇంకో చేప లేదు.

కర్మాంతరం అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. అక్క, నేను వసారాలో కూర్చున్నాం.

"ఒరే," అంది. "ఆ చేప నిజంగా ఉండిందా?"

"ఉండింది అక్కా."

"ఎంత?"

చేతులు చాపి చూపించాను. మూరకు కాస్త తక్కువ. బావ ఉంటే నన్ను కొట్టేవాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

అక్క నా చేతుల మధ్య ఖాళీని కాసేపు చూసింది. "ఇంతే అయితే నిజమే అయ్యుంటాది" అంది.

లేచి లోపలికి పోయింది. లోపల ఆమె కోడలు బియ్యం ఏరుతోంది. "మీ మామ పట్టినాడంట," అని దానితో చెప్పి, చేతులతో చూపించింది. నేను చూపించినంతే చూపించింది.